గుట్ట ఎక్కిన ఇల్లు

ఇస్మేని మట్టిచేసి వచ్చిన వారానికే ఆల్బన్ మా వసారాలోకి వచ్చి కూర్చున్నాడు. ఇస్మే నా భార్య. ఆల్బన్ ఆమె తమ్ముడు. నేను ఇవ్వని కాఫీ కోసం వంటింటి వైపు రెండుసార్లు చూశాడు.

“బావా, నువ్వు దుఃఖంలో ఉన్నావ్. ఇప్పుడు ఈ మాట అనకూడదు.”

“అయితే అనకు.”

అయినా అన్నాడు. మా ఇల్లున్న ఆ సముద్రపు ఒడ్డు నేల వాళ్ల తాతలది. కరీబియన్ సముద్రంలోని మా కారియాకూ దీవిలో అలాంటి నేలను పంచుకోరు, అమ్ముకోరు. ఆ రక్తంలో పుట్టిన ప్రతివాడికీ అందులో చోటుంటుంది. నేను ఆ రక్తంలో పుట్టలేదు. మాకు పిల్లలు లేరు. ఇస్మే ఉన్నన్నాళ్లూ ఆమె మొగుడిగా నాకక్కడ చోటు దొరికింది. ఆమె పోయింది.

“పడవ పందాలకి ముందే ఖాళీ చేసెయ్ బావా. ఇంటి సంగతి నేను చూసుకుంటా. గదులెలాగూ తయారుగానే ఉన్నాయి కదా.”

గదులు తయారుగానే ఉన్నాయి. మూడు గదులు, ముందు పొడుగాటి వసారా, వెనక విడిగా రాతి వంటిల్లు. దూరం నుంచి వచ్చేవాళ్లకు బస ఇవ్వాలన్నది ఇస్మే కోరిక. హోటల్ వద్దంది. “వచ్చినవాళ్ల పేర్లు నాకు గుర్తుండాలి. ఎవరు ఏం తినరో గుర్తుండాలి. అంతకు మించి ఒక్కరు కూడా వద్దు” అంది. నేను పడవలు కట్టేవాణ్ణి. పడవ కట్టినట్టే ఆ ఇల్లు కట్టాను. దేవదారు పలకలు చిత్రిక పట్టి, సందులో గోరు కూడా దూరకుండా బిగించాను. ఆమె పాత తెరచాపలు ఉతికి, కత్తిరించి పరదాలు కుట్టింది. మంచాలకు రంగు వేసింది. ఈ ఊళ్లోనే పుట్టి, బతుకంతా ఇంగ్లండులో నర్సుగా చేసి రిటైరైన యూలలీ అనే ఆమె పందాల వారానికి గది కావాలని కబురు పెట్టింది. మా మొదటి అతిథి. ఆమెకు చేపల పులుసు పడదని ఇస్మే కనుక్కుంది కూడా. తర్వాత తనే మంచాన పడింది. చివరి గదికి కిటికీ బిగించడం మిగిలిపోయింది. ఆమెను మట్టిచేసి వచ్చిన మర్నాడు బిగించాను.

ఆ గదుల్లోకి ఆల్బన్ తన అతిథుల్ని తెచ్చుకుంటాడట. పక్కనున్న పెద్ద దీవి గ్రెనడాలో, యాత్రికుల్ని పంపే ఎవరో ఏజెంటుతో మాట్లాడుకున్నాడట. ఇంటికి ‘ఆల్బన్ బీచ్’ అని పేరు కూడా పెట్టేశాడు.

“నేల మీవాళ్లది, చెక్క నాది” అన్నాను. ఇది మా ఊళ్లో అందరూ ఒప్పుకునే మాట. ఆల్బన్ కూడా కాదనలేదు.

“పట్టుకుపో. ఊడదీస్తే పందాలనాటికి కట్టెలమోపు మిగులుతుంది.”

“ఊడదీయను. ఇల్లు ఇల్లుగానే లాక్కుపోతాను.”

“ఎక్కడికి?”

వెనకనున్న గుట్ట చూపించాను. పైన మా అమ్మ తరపున నాకొచ్చిన నేల ముక్క ఉంది. రాళ్లు, ముళ్లపొదలు, పొదల్లో ఇతరుల మేకలు.

ఆల్బన్ చాలాసేపు నవ్వాడు. “పడవని కిందికి జార్చడానికే ఊరంతా కావాలి. ఇంటిని పైకి లాగడానికి నీకెవడొస్తాడు బావా? ఈ ఊళ్లో నువ్వు పలకరించేది ఎవర్ని? ఆ మేకల్నా?”

“మేకలు నయం.”

వాడికి తెలియని సంగతి ఇంటి కింద ఉంది. ఇల్లు కట్టేటప్పుడే గచ్చు పోయలేదు. ఈ చివర నుంచి ఆ చివరిదాకా రెండు పెద్ద గట్టి దూలాలు పరిచి, వాటి ముక్కులు పడవ ముక్కుల్లా పైకి చెక్కి, వాటి మీద ఇల్లు లేపాను. ఇస్మే నడుం మీద చేతులు పెట్టుకుని చూసింది. “ఎక్కడికి వెళ్తుందయ్యా ఇది? ట్రినిడాడ్‌కా?” అంది. “మీవాళ్లు బుద్ధిగా ఉంటే ఎక్కడికీ వెళ్లదు” అన్నాను. ఆ రోజంతా నాతో మాట్లాడలేదు. నేను వాళ్లను ఎప్పుడూ నమ్మలేదు. ఇప్పుడూ నమ్మను.

పడవ నీళ్లలోకి దించేరోజున మా దగ్గర ఎవరినీ పేరుపేరునా పిలవరు. పడవ మీద జెండా ఎగరేసి పొయ్యి వెలిగిస్తారు. పొగ చూసి వచ్చేవాళ్లు వస్తారు. పిలిచే పని లేదు గనక ఆ పద్ధతి నాకు నచ్చింది. శనివారం పొద్దున్నే పైకప్పు రేకులు విప్పి, తలుపులు కిటికీలు తీసి పక్కన పెట్టాను. పొట్టేలును కోశాను. ఇంటి మీద జెండా కట్టాను. రాళ్లు పేర్చి పొయ్యి వెలిగించి, మొక్కజొన్న పిండితో కూకూ సంకటి కెలకడం మొదలుపెట్టాను.

మొదట వచ్చింది టాంటీ వెర్లిన్. ఊరంతటికీ అత్త లాంటి ముసలమ్మ. కర్ర నేలకు ఆనించి కుండలోకి తొంగి చూసింది.

“సైలస్, నువ్వు వండేదాన్ని ఏమంటారు నాయనా?”

“కూకూ.”

“కాదు. పడవ సందులు పూడ్చడానికి పనికొచ్చేది. లే అక్కణ్ణుంచి.”

లేచాను. ఆమె వెనక ఆడవాళ్లు వచ్చారు. ఒకరు కందులు తెచ్చారు, ఒకరు రమ్ము తెచ్చారు. వాళ్ల వెనక మగవాళ్లు. ఎండెక్కేసరికి వాకిలి నిండిపోయింది. అందులో సగంమందితో నేను మాట్లాడి ఏళ్లయింది. అందరికంటే ఆఖర్న కాప్టెన్ జస్టస్ వచ్చాడు. ఒకప్పుడు అతని పడవ నీళ్లలోకి దిగిన రోజున అది ఎడమకు ఒరుగుతుందని నలుగురిలో అన్నాను. అది ఎడమకే ఒరిగింది. అప్పటినుంచీ మా మధ్య మాటల్లేవు. ఇప్పుడు ఓడల్ని ఒడ్డుకు లాగే తన పెద్ద కప్పీలు, తాళ్లు భుజాన మోసుకొచ్చాడు.

“ఇస్మే కోసం వచ్చా. నీ కోసం కాదు” అన్నాడు.

“తెలుసు.”

“నా పడవ ఒరగలేదు.”

“ఒరిగింది.”

కప్పీలను గుట్ట మీది చింతచెట్టు మొదట్లో కట్టాం. దూలాల కింద కొబ్బరి మొద్దులు దొర్లించాం. నేలకు, గచ్చుకు అంటుకోని ఇల్లు అది. మొదటి లాగుకే కదిలింది. ఆల్బన్ వాకిలి ప్రహరీ గోడ మీద కూర్చుని చూస్తున్నాడు. పక్కనే అతని భార్య మెర్ల్. ఇల్లు కదలగానే ఆల్బన్ కాళ్లు ఊపడం ఆపేశాడు.

గుట్ట సగం ఎక్కాక ఎర్రమట్టి మొదలైంది. అంతకుముందు వారమంతా వాన పడింది. మొద్దులు దొర్లడం మాని కూరుకుపోయాయి. తాళ్లు కీచుమన్నాయి. ఇల్లు వెనక్కి ఒక జానెడు జారింది. దూలాల వెనక రాళ్లు దోపి నేనూ జస్టసూ వీపులు ఆనించి నిలబడ్డాం. మా కింద సముద్రం వరకూ ఏమీ లేదు.

“వదిలెయ్ బావా, పడవలాగే కట్టావుగా. తేలుతుందిలే” అని కింద నుంచి ఆల్బన్ కేక వేశాడు.

మగవాళ్లు అలసిపోయారు. ఒకరిద్దరు తాడు వదిలి చేతులు చూసుకుంటున్నారు. అప్పుడు టాంటీ వెర్లిన్ గరిటె పక్కన పెట్టి గుట్ట ఎక్కి వచ్చింది.

“ఈ ఊళ్లో దిగిన ప్రతి పడవకీ వండిపెట్టింది ఇస్మే. తనదంటూ ఒక్కటీ దిగలేదు. ఇవాళ దిగుతోంది. చేతులు చూసుకునేవాళ్లు రేపు చూసుకోండి.”

“దిగట్లేదు టాంటీ, ఎక్కుతోంది” అన్నారెవరో. అందరూ నవ్వారు. నవ్వుతూనే తాడు పట్టుకున్నారు. పొయ్యిల దగ్గరి ఆడవాళ్లంతా వచ్చారు. ముసలమ్మ పడవ పాట ఎత్తుకుంది.

మెర్ల్ గోడ దిగింది.

“మెర్ల్, ఎక్కడికే? ఇటు రా.”

“నువ్వు ఓడల మీద తిరిగినన్నాళ్లూ నాకు అన్నం పెట్టింది మీ అక్క. నువ్వే ఇటు రా. రాకపోతే ఇవాల్టి నుంచి ఆ రాతి వంటింట్లో వండుకో.”

ఊరంతా విన్నది. ఆల్బన్ రాలేదు. మెర్ల్ తాడు చివర పట్టుకుని మడమలు మట్టిలో తన్నిపెట్టింది. పాట చరణం చివర అందరూ ఒక్కసారిగా లాగారు. కూరుకున్న మొద్దు చప్పుడు చేస్తూ పైకి లేచింది. ఇల్లు దాని మీదికెక్కింది. తర్వాత మొద్దు, ఆ తర్వాత మొద్దు. పొద్దు వాలకముందే మూడు గదులూ వసారా చింతచెట్టు పక్కన చదునులో ఆగాయి. ఒక్క పలకా చీలలేదు. నేను చూశాను. జస్టస్ కూడా చూశాడు. వెతికి వెతికి చూశాడు.

“ఒరగలేదు” అన్నాడు.

“నేను కట్టింది ఒరగదు.”

అతను నవ్వాడు. నేను రమ్ము పోసి ఇచ్చాను. అతని పడవ ఎడమకు ఒరిగిందన్న మాట మాత్రం నేను వెనక్కి తీసుకోలేదు.

పందాల వారానికి రేకులు వేశాను, తలుపులు బిగించాను. ఇస్మే పరదాలు కట్టాను. యూలలీ పెట్టె మోయించుకుని గుట్ట ఎక్కి వచ్చి, వసారాలో కూలబడి చెప్పులు విడిచింది. కింద తెరచాపలు, పగడపు దిబ్బ మీద తెల్లటి నురగ, ఆవల చిన్న దీవులు. గాలి ఆగకుండా వీస్తోంది. ఒడ్డున ఉన్నప్పుడు సాయంత్రమైతే ఇసుక దోమలకు వసారాలో కూర్చోలేకపోయేవాళ్లం. ఇక్కడ ఒక్కటీ లేదు. యూలలీ తనకు చేపల పులుసు పడదని చెప్పబోయింది. “తెలుసు” అన్నాను. మిగతా రెండు గదులు ఆ సాయంత్రానికే నిండాయి. ఒక గదిలోకి వచ్చినవాళ్లు ఆల్బన్ ఏజెంటు పంపినవాళ్లే. కింద వాళ్లకు దూలాల జాడలూ రాతి వంటిల్లూ మాత్రమే కనిపించాయట.

పడవకు పేరు పెట్టే పద్ధతిలోనే ఇంటికీ పెట్టాం. పేరు చెక్కిన పలక మీద జెండా కప్పాం. గడప ముందు నీళ్లూ రమ్మూ పోసి నేల తడిపాం. టాంటీ వెర్లిన్ జెండా లాగింది. ‘ఇస్మే’ అని ఉంది. ఇంకేమీ లేదు. డప్పులు మోగాయి. ముసలమ్మ కర్ర పడేసి ఆడింది.

ఇలాంటి విందుకు ఎవరొచ్చినా వద్దనకూడదు. ఆల్బన్ వచ్చాడు. పళ్లెం నిండా వడ్డించాను. కుర్చీ వేయలేదు. నిలబడి తింటూ పలక వంక చూశాడు.

“బాగుంది బావా. మా ఇంటిపేరు కూడా చెక్కాల్సింది. అక్క మా పిల్లేగా.”

పేరు పక్కన మూరెడు పలక ఖాళీగా ఉంది. నున్నగా చిత్రిక పట్టి ఉంది.

“చెక్క చాల్లేదు” అన్నాను.