సరంగు పూచీ

సిరుగుప్పకు అవతల తుంగభద్ర రేవులో హులిగప్ప ఇరవై ఏండ్లు పుట్టి నడిపాడు. తోలు కప్పిన ఆ గుండ్రటి పుట్టిలో ఎనిమిది మంది ఎక్కితే ఇక చోటుండదు. అయినా ఏరు ఎంత పొంగినా ఒక్క ప్రాణం పోనివ్వలేదని చుట్టుపక్కల ఊళ్లలో వాడికి పేరు. సుబ్బరాయుడి చెక్క పడవ వచ్చాక ఆ పేరును పలికేవాళ్లు లేకుండా పోయారు.

సుబ్బరాయుడు కోస్తా నుంచి వచ్చి కాలువ కింద వరి వేసిన రైతు. వడ్లు అవతలి ఒడ్డుకు చేరవేయడానికని గోదావరిలో తిరిగిన పడవనొకటి లారీ మీద తెప్పించి, రేవు వేలంపాట కూడా తానే పాడుకున్నాడు. దాన్ని నడిపే సరంగుగా తననే పిలుస్తారని హులిగప్ప ఉతికిన పంచె కట్టుకుని రెండు రోజులు ఇంటి అరుగు మీద కాచుకున్నాడు. పిలుపు మాత్రం వాడి చిన్నాయన కొడుకు గాళెప్పకు వెళ్లింది. గాళెప్ప నాలుగో తరగతి చదివాడు, లైసెన్సు మీద రాసింది చదవగలడు. వాడికి తెడ్డు పట్టడం నేర్పింది హులిగప్పే.

ఆ రోజు మొదలు హులిగప్పకు తిన్నది ఒంటబట్టలేదు. గాళెప్ప తొడుక్కున్న ఖాకీ చొక్కా, జనం "సరంగప్పా" అని పిలిచే పిలుపు, అన్నీ వాడి కళ్లలో కారం కొట్టేవి. ఒకనాడు పుట్టింటికి పోతూ హులిగప్ప పెళ్లాం దురుగమ్మ కూడా పడవే ఎక్కింది.

"నా పుట్టి ఏమయిందే?" అన్నాడు.

"ఏమీ కాల్యా. పడవలో అయితే చీర తడవదు" అందామె.

ఇంకొన్నాళ్లకు బళ్లారి నుంచి శ్రీమన్నారాయణ అనే బీమా ఏజెంటు వచ్చి, రేవులో నలుగురి ముందు కాగితం చదివి వినిపించాడు.

"పడవ మునిగితే కంపెనీ యజమానికి నష్టం ఇస్తుంది. సరంగుకు గానీ కళాసీకి గానీ ఏమైనా అయితే ఇంటివాళ్లకు డబ్బు ముడుతుంది. కానీ ఇరవై మందికి మించి బరువు ఎక్కించకూడదు. సరంగు ఎక్కించాడని తేలితే యజమానికి పడవ డబ్బు వస్తుంది గానీ ఆ ఇంటివాళ్లకు పైసా రాదు, కేసు సరంగు మీదే. యజమాని ఎక్కించమన్నాడని తేలితే కంపెనీ తప్పుకుంటుంది, అందరికీ యజమానే ఇచ్చుకోవాలి."

కాగితం మీద గాళెప్ప సంతకం చేశాడు, వాడి కింద పనిచేసే కళాసీ తిమ్మన్న వేలిముద్ర వేశాడు. హులిగప్ప ఇంటికొచ్చి కంచం ముందు కూర్చున్నాడు.

"వాడు సచ్చినా పెండ్లానికి దుడ్డు వస్తాదంట. నేను సస్తే నీకేమి వస్తాది?"

"బతికుండి ఏమి తెచ్చినావో అది సెప్పు ముందు" అని దురుగమ్మ ముద్ద వడ్డించింది. వాడు కంచం తోసేసి లేచిపోయాడు.

ఆ ఏడు శ్రావణంలో ఏరు నిండుగా పారుతోంది. పొద్దున్నే సుబ్బరాయుడి పొలానికి పోయే కూలీలు ఇరవై మంది పడవ ఎక్కారు. అంతలో సుబ్బరాయుడు బండి మీద పన్నెండు వడ్ల బస్తాలు తెచ్చి ఎక్కించమన్నాడు. పక్కనే పుట్టి అంచు మీద కూర్చున్న హులిగప్పకు ప్రతి మాటా వినబడింది.

"వద్దు సామీ. ముందు జనాన్ని దించి వస్తా. బస్తాలు ఇంకోసారి తీసుకపోదాం" అన్నాడు గాళెప్ప.

"మిల్లువాడు అవతల కాచుకున్నాడయ్యా. నీళ్లు చూసి భయపడేవాడివి సరంగువెట్లా అయ్యావు? ఏమైనా అయితే పూచీ నాది. తియ్యి."

బస్తాలు ఎక్కాయి. గాళెప్ప చుక్కాని పట్టాడు.

నడి ఏటిలో పడవ అడుగు బండకు తగిలింది. బస్తాలన్నీ ఒక పక్కకు జారాయి. చూస్తుండగానే పడవ ఒరిగి బోర్లా పడింది. ఒడ్డున ఉన్నవాళ్లు ఏటివైపే చూస్తూ "హులిగప్పా! పుట్టి! పుట్టి దించప్పా!" అని కేకలు పెట్టారు.

హులిగప్ప కదల్లేదు. "పడనీ. ఇప్పుడు తెలుస్తాది వీనికి సరంగుతనం" అనుకున్నాడు. అట్లా ఎంతసేపు నిలబడ్డాడో వాడికే తెలియదు. ఒక ఆడమనిషి నీళ్లలోంచి చెయ్యెత్తినప్పుడు పుట్టి నీళ్లలోకి తోశాడు.

ఆ తర్వాత వాడు మనిషి కాదు, ముగ్గురు మనుషుల పెట్టు. మూడు విడతల్లో కూలీలందరినీ గట్టు చేర్చాడు. కాలు బండకూ పడవకూ మధ్య నలిగినా ఒక ముసలమ్మ జుట్టు వదలకుండా పట్టుకున్న గాళెప్పను కడపట పైకి లాగాడు. తిమ్మన్న మాత్రం దొరకలేదు. శవం మర్నాడు తేలింది.

బరువు ఎక్కించింది సరంగేనని పోలీసులు గాళెప్ప మీద కేసు రాశారు. యజమాని పనిలో ఉన్న కూలీలు నోరు తెరవలేదు. సుబ్బరాయుడు స్వయంగా హులిగప్ప ఇంటికి వచ్చాడు.

"బస్తాలు గాళెప్పే ఎక్కించుకున్నాడని కోర్టులో చెప్పు. కంపెనీ డబ్బుతో కొత్త పడవ తెస్తా. చుక్కాని నీదే."

హులిగప్ప సుబ్బరాయుణ్ణి వాకిలి దాకా సాగనంపాడు. మనసులో వాడు అప్పుడే చుక్కాని పట్టేశాడు. ఖాకీ చొక్కా కూడా తొడుక్కున్నాడు.

మర్నాడు తిమ్మన్న పెళ్లాం రుద్రమ్మ వచ్చి వాడి కాళ్ల మీద పడింది. "నీవు ఉండబట్టి ఇంతమంది బతికినారప్పా. మా ఆయప్పది రాత. నీవు మాత్రం ఏం జేస్తావు?" అని ఏడ్చింది. హులిగప్ప కాళ్లు వెనక్కి లాక్కున్నాడు. ఆ రోజంతా పుట్టి దగ్గరికి పోలేదు.

బళ్లారి కోర్టులో సాక్షిబోను ఎక్కి ఉన్నదున్నట్టు చెప్పాడు. "సరంగు వద్దన్నాడు సామీ. యజమాని పూచీ నాదన్నాడు. నా చెవులారా విన్నా."

సుబ్బరాయుడి వకీలు లేచాడు. "గాళెప్ప నీ తమ్ముడు. తమ్ముణ్ణి కాపాడుకోవడానికి అబద్ధం చెప్తున్నావు."

"తమ్ముడా?" హులిగప్పకు నవ్వొచ్చింది. "వాడంటే నాకు కడుపుమంట సామీ. ఊర్లో యా బిడ్డనడిగినా చెప్తాది. నా రేవు తిన్నాడు, నా పేరు తిన్నాడు. ఈ పొద్దు గూడా వాణ్ణి చూస్తే మండుతాండాది. అయినా వద్దన్న మాట నిజం."

జడ్జి ఆ మాట రాసుకున్నాడు. ఆ మాటే గాళెప్పను కాపాడింది. కేసు కొట్టేశారు. రుద్రమ్మకూ గాళెప్పకూ ఇవ్వాల్సింది సుబ్బరాయుడు తన పొలం అమ్మి ఇచ్చాడు.

తీర్పు రోజు బళ్లారి బ్రూస్‌పేటలో గాళెప్ప వకీలు ఇంటి మెట్ల మీద అన్నదమ్ములిద్దరే కూర్చున్నారు. గాళెప్ప చంకలో కర్ర ఉంది.

"నీకొగ మాట చెప్పల్ల" అన్నాడు హులిగప్ప. "ఆ పొద్దు పుట్టి ఎంటనే దించల్యా. నిలబడి చూసినా."

"తెల్సు అన్నా. నీళ్లలోనించి నిన్నే చూస్తాంటి."

హులిగప్ప వాడి వైపు తిరిగాడు. "మరి కోర్టులో యాల చెప్పలేదు?"

"అడగల్యా గదా" అన్నాడు గాళెప్ప. "రుద్రమ్మకు గూడా చెప్పొద్దు. ఆయమ్మ తట్టుకోలేదు."

బస్సు దిగాక రేవు దాకా నడవలేక గాళెప్ప ఆగిపోయాడు. హులిగప్ప వాణ్ణి వీపు మీద ఎక్కించుకున్నాడు. దారిలో ఎదురైనవాళ్లంతా గాళెప్పనే పలకరించారు, గాళెప్పకే దండం పెట్టారు. ఇన్నాళ్లూ వాడి చొక్కాను, పడవను చూసి కుళ్లుకున్నాడు హులిగప్ప. అంత మాట కడుపులో దాచుకోగలిగిన ఆ నిబ్బరం తనకెందుకు లేదని ఇప్పుడు కొత్త మంట మొదలైంది. గాళెప్పను ఇంటి గడపలో దించాక వాడి పెళ్లాం పంపమ్మ మజ్జిగ చెంబు చేతికిస్తే, నిలబడే రెండు గుక్కలు తాగి, మిగిలింది ఆమె చేతికే ఇచ్చి బయటపడ్డాడు.