ఆవులాంటి చేప

దర్జీ కొట్లో ఒక గాజుతొట్టి ఉంది. అందులో వేలెడున్నప్పుడు ముద్దొచ్చిన చేప, జానెడయ్యేసరికి రౌడీ అయి కూర్చుంది. చిన్న చేపల తోకలు కొరికి, అన్నిటినీ రాయి వెనక్కి తరిమేసింది. అమ్మిన కొట్టువాడు వెనక్కి తీసుకుంటానన్నాడు. ఊరికే ఇచ్చెయ్యడానికి దర్జీకి చెయ్యి రాలేదు. ఇంతలో మేనకోడలి పుట్టినరోజు కలిసొచ్చింది.

"ఆవులాంటిదమ్మా, ఎవరి జోలికీ పోదు" అంటూ చెల్లెలింట్లో తొట్టిలోకి వదిలాడు. అక్కడి చిన్న చేపలు బెదిరి ఓ మూలకి చేరాయి. చొక్కా బిగుతుగా కుట్టి, ఇచ్చేటప్పుడు అందరికీ చెప్పే మాటే మేనకోడలికీ చెప్పాడు.

"రెండ్రోజుల్లో అదే సర్దుకుంటుంది."

వారం తిరిగాక వెళ్ళి చూస్తే తొట్టిలో అదొక్కటే తిరుగుతోంది, ఇంకాస్త ఒళ్ళు చేసి. చెల్లెలు అతని మొహంలోకి చూసింది. దర్జీకి తల కొట్టేసినట్టయింది. నిజం చెప్పేద్దామని నోరు తెరిచాడు. ఈలోగా మేనకోడలు వచ్చి అతని చెయ్యి పట్టుకుంది.

"దాన్ని తిట్టకు మావయ్యా. అది ఎవరి జోలికీ పోదని నువ్వే చెప్పావుగా. నా చేపలే దాన్ని ఏడిపించుంటాయి."