రెండు ఊళ్ళ ఉల్లికోడు

మురమళ్ళలో విత్తనాల కొట్టు నడిపే లక్ష్మీదుర్గ పదకొండేళ్ళలో ఎవరిచేతా మాట పడలేదు. ఆ సెప్టెంబరులో పడింది. అన్నది ఊళ్ళో పెద్ద రైతు సుబ్రహ్మణ్యేశ్వరరావు. అంత పేరూ పలకలేక అందరూ ఈశ్వర్రావు గారనే అంటారు. ఆయన పొద్దున్నే ఒక వరి దుబ్బును వేళ్ళతో సహా పీక్కొచ్చి, బురద కారుతుండగానే కొట్టు బల్ల మీద పెట్టారు.

"ఇదేటమ్మా దుర్గా? ఉల్లికోడు రాదని చెప్పి మరీ ఇచ్చేవు కదా!"

దుబ్బులో సగం పిలకలు ఆకు విప్పలేదు. ఉల్లికాడల్లాగా గుండ్రంగా, పాలిపోయిన గొట్టాలై నిలబడి ఉన్నాయి. అలా గొట్టమైపోయిన పిలక ఇక కంకి వెయ్యదు.

"రాదనే చెప్పేరండీ బాబాయ్ గారూ కంపెనీవాళ్ళు. నాలుగేళ్ళబట్టీ రాలేదు కూడానూ."

"ఇప్పుడొచ్చింది. అంటే ఈసారి బస్తాలో వేరే గింజ పోసేరన్నమాట."

నకిలీ అన్న మాట ఆయన నోట రాలేదు. కొట్టు ముందున్న నలుగురికీ మాత్రం వినపడింది.

ఆయన వెళ్ళాక లక్ష్మీదుర్గ ఆ గొట్టాన్ని గోటితో చీల్చి చూసింది. అడుగున బియ్యపు గింజలో సగం కూడా లేని పురుగు, లేత ఎరుపు రంగులో మెత్తగా కదిలింది. ఉల్లికోడు అన్న మాట రోజుకు పదిసార్లు అనే మనిషి, దాన్ని కళ్ళతో చూడడం అదే మొదలు. ఇంకో గొట్టం చీల్చింది. అది ఖాళీ. కొసన చిన్న బెజ్జం, ఆ బెజ్జానికి వేలాడుతూ పలచటి పొర. లోపల పెరిగిన పురుగు దోమగా మారి ఎగిరిపోయిందన్నమాట. ఎటు పోయిందో!

మధ్యాహ్నం మండపేటలో ఉన్న చెల్లెలు హేమకు ఫోన్ చేసింది. హేమ భర్త మురళీమోహన్‌కు కూడా ఆ విత్తనమే పంపింది. సంచి చీటీ మీది నంబరు చదవమంటే అతను చదివాడు. ఈశ్వర్రావు గారి బస్తాల మీదున్నదీ అదే నంబరు.

"మా చేలో ఒక్క గొట్టం లేదొదిన గారూ. పక్క చేలో మాత్రం గొట్టాలు బాగా ఉన్నాయండీ. వాళ్ళది పాత రకం."

లక్ష్మీదుర్గ ఆ నంబరును మళ్ళీ బస్తాతో సరిచూసుకుంది. గింజ ఒకటే. అక్కడ రాలేదు, ఇక్కడ వచ్చింది. గింజలో తేడా లేనప్పుడు మరి తేడా ఎక్కడుంది?

మర్నాడు అమలాపురం వ్యవసాయ ఆఫీసుకు వెళ్తే, అక్కడ నిఖిత అనే పరిశోధక విద్యార్థిని కనిపించింది. ఊరూరా తిరిగి ఉల్లికోడు పురుగుల్ని స్పిరిట్ పోసిన చిన్న సీసాల్లో పోగుచేస్తోంది. సంగతంతా విని, "విత్తనం అదేనేమోనండీ. పురుగు వేరేదై ఉండొచ్చు" అంది.

"దోమలో వేరే ఏటుంటదమ్మా? దోమ దోమే కదా?"

"చూడ్డానికి ఒక్కలాగే ఉంటాయండీ. జన్యువుల్లో తేడా ఉంటుంది. మీ విత్తనం ఒక రకం పురుగును మొవ్వులోనే చంపేస్తుంది. ఇంకో రకాన్ని ఏమీ చెయ్యలేదు. అలాంటిదేమో. పరీక్ష చేస్తే గాని చెప్పలేం."

ఆ పరీక్ష లక్ష్మీదుర్గ తన పెరట్లోనే పెట్టించింది. కొట్టులో మిగిలిన బస్తాలోని గింజలతో రెండు ట్రేలలో నారు పోశారు. వాటి మీద సన్నటి గుడ్డతో రెండేసి పొరల గూళ్ళు కట్టారు. ఒక గూటికి ఈశ్వర్రావు గారి చేలోంచి తెచ్చిన గొట్టాల దోమలు. రెండోదానికి మురళీమోహన్ పక్క చేలోంచి బకెట్లో దుబ్బులతో సహా తెచ్చిన గొట్టాల దోమలు. ఒక్క దోమ కూడా బయటకు పోకూడదని, పరీక్ష అయ్యాక ట్రేలు కాల్చెయ్యాలని నిఖిత ముందే చెప్పింది.

గుడ్డ బిగిస్తూండగా లక్ష్మీదుర్గకు ఒక అనుమానం వచ్చింది.

"ఏవమ్మా, మండపేట గూట్లో గొట్టాలు రాలేదనుకో. నా విత్తనం గట్టిదనా, ఆ దోమలు బస్సులో ఉడికి చచ్చేయనా? ఎలా తెలుస్తది?"

నిఖిత చేతిలో దారం అలాగే పట్టుకుని ఆవిడ వంక చూసింది. "నేను చెబ్దామనుకుంటున్నదే మీరడిగేశారు. ఏ దోమనూ ఆపలేని పాత రకం కూడా పెడదామండీ, రెండు గూళ్ళలోనూ. దాని మీద గొట్టాలొస్తే దోమలు బాగున్నట్టే."

సంగతి తెలిసి ఈశ్వర్రావు గారు మొదటి రోజు వెక్కిరించడానికి వచ్చారు. "పెరట్లో దోమల్ని పెంచుతున్నావా? ఊళ్ళో ఉన్నవి చాల్లేదూ?" అన్నారు. రెండో రోజు మళ్ళీ వచ్చి, గుడ్డకు ముక్కు ఆనించి, ఆకు మీద వాలిన ఎర్రపొట్ట దోమను పావుగంట చూశారు. మూడు రోజులకే దోమలు గుడ్లు పెట్టి చచ్చిపోతే, "ఇంతేనా వీటి బతుకు? ఇంత మాత్రం దానికా నా చేను పాడుచేసింది?" అని ఆశ్చర్యపోయారు. ఆపైన రోజూ కాఫీ తాగి నేరుగా పెరట్లోకే వచ్చేవారు.

ఇరవై నాలుగో రోజున నిఖిత వచ్చి గూళ్ళు విప్పింది. పాత రకం మీద రెండు చోట్లా గొట్టాలే. మురమళ్ళ దోమలున్న గూట్లో కంపెనీ విత్తనం మీద కూడా గొట్టాలు బారులు తీరాయి. మండపేట గూట్లో ఆ విత్తనమే పచ్చగా, ఒక్క గొట్టం లేకుండా ఉంది. నిఖిత ఆ మొక్కనొకదాన్ని నిలువునా చీల్చి భూతద్దం కింద పెట్టింది. మొవ్వులో చుక్కంత పురుగు నల్లబడి చచ్చి ఉంది.

ఈశ్వర్రావు గారు భూతద్దం వదల్లేదు. చాలాసేపటికి తలెత్తి, "గింజ మంచిదేనమ్మా. నేనే తొందరపడ్డాను" అన్నారు. ఆ సాయంత్రం ఆయనే కొట్టు అరుగు మీద కూర్చుని, వచ్చిన ప్రతివాడికీ ఆ మాట చెప్పారు.

లక్ష్మీదుర్గ మనసు అక్కడితో ఆగలేదు. ఆ రకం పురుగు ఇక్కడికే ఎందుకొచ్చింది? జనవరిలో నిఖిత ఫోన్ చేసింది. సీసాల్లోని పురుగుల జన్యువుల్ని పోల్చి చూశారట. మురమళ్ళ చేలల్లోవి దాదాపు అన్నీ ఒకే తీరున ఉన్నాయి. ఆ ఊరి కాలవ గట్టు మీద తనంత తాను మొలిచే అడవి వరిలోవీ, మండపేటవీ మాత్రం రకరకాలుగా కలిసి ఉన్నాయి.

ఫోన్ పెట్టేసి లక్ష్మీదుర్గ అరుగు మీద కూర్చుంది. నాలుగు సార్వా పంటలుగా ఊరంతా ఒకటే విత్తనం చల్లారు. ఆ విత్తనానికి చచ్చే పురుగులన్నీ చచ్చాయి. చావని ఏ కొన్నో మిగిలి, పెరిగి, ఇప్పుడు చేలనిండా అవే అయ్యాయి. నకిలీ గింజ అమ్మలేదు, నిజమే. కానీ ఆ నాలుగేళ్ళూ ఒకే గింజను ఊరందరికీ అమ్మింది తనే. చెప్పకుండా ఊరుకుంటే ఎవరికీ తెలియదు. ఆమె చెప్పులేసుకుని ఈశ్వర్రావు గారింటికి నడిచింది.

అంతా విని ఆయన కండువాతో మొహం తుడుచుకున్నారు. "నువ్వు వేరేది ఇస్తే మేం పుచ్చుకుందుమా? అదే కావాలని పోట్లాడి తీసుకెళ్ళేవాళ్ళం కాదూ?"

"అయినా నేను అడగాల్సిందండీ. గింజ గురించి అడిగేను గాని, పురుగు గురించి ఎప్పుడూ అడగలేదు."

జూన్‌లో ఆమె ఒకటి బదులు మూడు రకాలు తెప్పించింది. ఏ పొలం చెక్కలో ఏది వెయ్యాలో రైతుల్ని కూర్చోబెట్టి మాట్లాడింది. కొందరు గొణిగారు, ఇద్దరు వేరే కొట్టుకు పోయారు. ఈశ్వర్రావు గారు తనకు నచ్చని సన్నరకమే తీసుకుని, గొణుగుతూనే నారు పోశారు.

ఊడ్పులయ్యాక నిఖిత మరో అట్టపెట్టెడు సీసాలు పంపింది. సెప్టెంబరు రాగానే లక్ష్మీదుర్గా, ఈశ్వర్రావు గారూ ఆటో కట్టించుకుని, ఆ రకం పురుగు ఏరు దాటిందేమో చూడ్డానికి యానాం వైపు చేలకు బయల్దేరారు. వంతెన మీద గాలికి సీసాలు గలగలలాడుతుంటే ఈశ్వర్రావు గారు పెట్టెను ఒళ్ళోకి తీసుకున్నారు.

"అది కాదమ్మా, మూడ్రోజుల బతుకు కదా దానిది. ఇంత ఏరు ఎగిరే దాటుతదంటావా? మన నారు కట్టల్లో కూర్చుని వస్తదంటావా?"

"ఆయ్, నాకూ అదే అనుమానమండీ" అంది లక్ష్మీదుర్గ, మొదటి సీసా మీద పెన్సిలుతో ఊరి పేరు రాస్తూ.