కాలు విరిగిన అక్షరం

సదానందం ప్రెస్సులో సీసపు అక్షరాల పెట్టె ఇంకా ఉందంటే వరంగల్ బజారులో నవ్వేవాళ్లే ఎక్కువ. నవ్వనీ. ఆయన కంటికి కంప్యూటర్ అక్షరాలన్నీ బోడివి. తన ఇంగ్లిషు అక్షరాలకు ప్రతి గీత చివరా చిన్న పాదం ఉంటుంది. నిలువు గీత లావు, అడ్డగీత సన్నం. పాదాలన్నీ ఒకే వరుసలో ఆని నిలబడితే చదివే కన్ను జారదు. ఒకప్పుడు స్కూలు సర్టిఫికెట్టయినా, భూమి కాగితమైనా ఆ అక్షరాల్లో ఉంటేనే జనం నమ్మేవారు. చివరికి ఆ నమ్మకమే ఆయన కొంప ముంచింది.

మొన్న మాఘంలో ప్లాట్ల వ్యాపారి వెంకట్రాజం పసుపుబారిన ఖాళీ కాగితం, అందులో అచ్చు వేయాల్సిన వివరాల చిట్టీ తెచ్చి బల్ల మీద పెట్టాడు.

“కాకా, ఎనభై ఎనిమిది నాటి అగ్రిమెంటు కావాలె. కంప్యూటర్‌ది దొరికిపోతది. నీ అచ్చయితే కాగితంల దిగుతది సూడు, గదే కావాలె.”

చిట్టీలో మడికొండ ప్లాటు నంబరు చూడగానే సదానందం చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. అది మల్లక్కది. ఎనుమాముల మార్కెట్లో మిరపకాయల తొడిమలు తీసి తీసి, వేళ్లు మండించుకుని కొనుక్కున్న జాగా. ఆ కాగితాలకు జిరాక్స్ తీసిచ్చింది తనే.

“గిది పాపం సారూ. నాతోని కాదు.”

“మీ మనుమడు నిఖిల్ రోజూ బండి మీదనే ఐటీ పార్కుకు పోతాండు గదా,” అన్నాడు వెంకట్రాజం తాపీగా. “బంగారమసొంటి పోరడు. ఆ రోడ్డు మంచిది గాదు కాకా.”

చేశాడు. ఏం చేస్తాడు మరి! ఇంగ్లిషులో ‘అగ్రిమెంట్’ అని పెద్ద హెడ్డింగు పేరుస్తుంటే చెయ్యి ఆగింది. ఆ సైజులో ‘ఆర్’ మొదటినుంచీ ఒక్కటే. ఐదేళ్ల కింద పెట్టె జారిపడి దాని కుడికాలు విరిగింది. అచ్చులోనూ కుంటిగానే పడింది. వెంకట్రాజం చూడలేదు, సదానందం చెప్పలేదు. ఎప్పుడో ఎవరో పట్టుకుంటారులే అని తనకు తానే సర్దిచెప్పుకున్నాడు, పిరికి మనిషి.

నెల తిరక్కుండానే మల్లక్క కోర్టు నోటీసు పట్టుకుని వచ్చింది.

“అన్నా, జర సదివి చెప్పు. నా ప్లాటు నాది కాదంటాండ్రట.”

నోటీసు వెనక తన అచ్చు తాలూకు జిరాక్స్ కనిపించింది. చదువురాని మల్లక్క ఆ హెడ్డింగు మీద వేలు పెట్టి అక్షరాలను ఒక్కొక్కటే తడిమింది.

“గివి నీ అక్షరాలే గదన్నా? కాళ్లున్నయి. మా యమున పెండ్లికి నువ్వు అచ్చేసిన కార్డుల అల్లుడు సారంగపాణి పేరు గిట్లనే ఉండె. అద్దం పక్కన పెట్టుకొని రోజూ చూస్త. గప్పుడు గీ అక్షరం కాలు మంచిగుండె, గిప్పుడు విరిగింది.” ఆమె అమాయకంగా తలెత్తింది. “ఎవడన్న నీ అక్షరాలు దొంగిలిచ్చిండా అన్నా?”

సిగ్గుతో చచ్చిపోయాడు సదానందం.

“దొంగతనం కాదు చెల్లె. నేనే అచ్చేసిన. నిఖిల్‌ను చంపుతరని భయపడ్డ. నువ్వు ఆ కార్డు భద్రం చెయ్యి. తొంభై ఆరుల యమున పెండ్లికి మంచిగున్న కాలు ఎనభై ఎనిమిదిల ఎట్ల విరుగుతది? గీ మాట కోర్టుల నేనే చెప్త.”

మల్లక్క నోటీసు ఆయన చేతిలోంచి లాక్కుని రెండడుగులు వెనక్కి వేసింది.

ఆమె వెనకే వచ్చినట్టుంది, వీధి అవతల వెంకట్రాజం కారు ఆగి ఉంది. అద్దం సగం దించి అతను ఇటే చూస్తూ ఫోన్లో ఎవరితోనో మాట్లాడుతున్నాడు. సదానందం నిఖిల్‌కు ఫోన్ చేశాడు. రింగయింది. మళ్లీ చేశాడు. రింగవుతూనే ఉంది.