కామమ్మ కూర్చున్న వైనం

భూమండలంలోని సకల ఉపద్రవాలలోనూ పొట్లకాయ అగ్రగణ్యమైనది. ఉదయగిరి కొండ మొదలు ఆత్మకూరు దాకా పాముకాటుకు మంత్రం వేయగల ఏకైక మహానుభావుడు జనార్దనయ్య ఇంట ఇది నిర్వివాదమైన సిద్ధాంతం. పాము ఆకారం గల ఆ కాయ వంటింట కాలు పెడితే మంత్రానికి పదును పోతుంది. కనుక కాపురానికి వచ్చిన నాటి నుంచీ ఆయన ఇల్లాలు కామమ్మ పొట్లపందిరి నీడను కూడా తప్పించుకుని నడిచేది.

పొట్లకాయది నిజానికి చిన్న పాత్రే. అసలు భారం కామమ్మది. ఎవరినైనా పాము కరిచిందని కబురు రాగానే ఆమె పొయ్యి ఆర్పి, నిండు చెంబు చేతబట్టి, గడపలో నిలుచోవాలి. మంత్రం ముగిసేదాకా మాట్లాడరాదు, కూర్చోరాదు. ఆయన పెదవులు కదిపేవాడు. ఆమె కాళ్లు పీక్కుపోయేవి. రోగి లేస్తే అది మంత్రబలం. లేవకపోతే అత్త మాలకొండమ్మ విచారణకు దిగేది. “ఏమే, కూచున్నావా? దగ్గినావా? ఎవురితో మాట్లాడినావు?” కీర్తి ఒకరికి, శవం ఒకరికి పంచిపెట్టే ఇంత పటిష్ఠమైన న్యాయవ్యవస్థ దొరతనంవారికి కూడా చేతకాలేదు.

ధాత నామ సంవత్సరపు కరువు దాటిన తరువాత వానలు విరగబడ్డాయి. పుట్టలు మునిగి, పురుగూ పుట్రా ఇళ్లలోకి వచ్చాయి. పక్కింటి ఓబమ్మ కూతురు నాగులమ్మను గడ్డివామి దగ్గర పాము కరిచింది. ఆ పూట కామమ్మ జ్వరంతో ఉంది. చెంబు పట్టుకుని నిలుచున్నదల్లా మోకాళ్లు మడతపడి గడపలో కూలబడి, వెంటనే లేచింది. మాలకొండమ్మ చూడనే చూసింది. పిల్ల బతకలేదు. గ్రామ మునసబు నారాయణయ్య ఉదయగిరి కచేరీకి యథావిధిగా పాముకాటు చావని రాసి పంపాడు. సర్కారు లెక్కలో చంపింది పాము. ఊరి లెక్కలో చంపింది కామమ్మ.

“నా మంత్రం నెత్తిన మన్ను బోసినావు గదే” అన్నాడు జనార్దనయ్య, అన్నం కలుపుకుంటూ. ఆ అన్నం వండింది కూడా ఆమే కావడం ఆయనకు తట్టలేదు. నాటి నుంచి ఓబమ్మ పలకడం మానేసింది. గోడకు అటూ ఇటూ నిలబడి పొద్దుగూకేదాకా నవ్వుకున్న మనుషులు వాళ్లు. ఓబమ్మను చూసి తక్కిన ఆడవాళ్లూ బావి దగ్గర పక్కకు తొలగసాగారు. కామమ్మ బర్రెతో మాట్లాడటం అలవాటు చేసుకుంది. బర్రె ఆమె సంభాషణను అంతగా ఆదరించినట్టు దాఖలాలు లేవు.

పేడ అలుకుతున్నా, పిండి విసురుతున్నా ఆమెలో ఒకటే ప్రశ్న తిరిగేది: నేను కూర్చోవడం వల్లనేనా ఆ బిడ్డ పోయింది? తేల్చుకోవాలంటే ఇంకొకసారి కూర్చోవాలి. కూర్చుంటే ఎవరి బిడ్డో పోవచ్చు. పరాయి ప్రాణం పెట్టి అడగవలసిన ప్రశ్నను ఏ నోటితో అడగను? కనుక కబురు వచ్చినప్పుడల్లా నిలుచునేది. మునుపటికంటే నిటారుగా, మునుపటికంటే ఒంటరిగా.

ఒక ఉదయం పిడకలు తీస్తుండగా పిడకల కింద నుంచి ఏదో ఆమె మడమను అందుకుని చరచర జారిపోయింది. ఏ పామో ఆమె చూడలేదు. ఊరు ఊరంతా మూగింది. ఆత్మకూరు తీసుకుపోతే అక్కడ సర్కారు మందుసీసా ఉందని మునసబు అన్నాడు. దాన్ని ముక్కు దగ్గర పెడితే పోయినవాడు తుమ్మి మళ్లీ పోతాడని ఇంకెవరో అన్నారు. జనార్దనయ్య ఈ చర్చను చేతితో ఆపి, పీట వేసుకుని కూర్చున్నాడు. అప్పుడు స్ఫురించింది సమస్య.

“చెంబు ఎవురు పడతారు?”

“నా మోకాళ్ల సంగతి నీకు తెలవదా నాయనా! దాన్నే పట్టుకోమను. దానికి అలవాటే గదా” అంది మాలకొండమ్మ.

జనార్దనయ్య శాస్త్రాన్ని లోలోపల తిరగేశాడు. “కరిచింది కాలికి గదా, చెయ్యి బాగానే ఉండాది. నిలబడు.”

మంత్రం వేళ పరుల చూపు పడరాదని జనాన్ని వాకిలి దాటించారు. ఎవరూ తొంగిచూడకుండా కాపలాకు మాలకొండమ్మ కూడా వాకిలి అవతలే చతికిలబడింది. ఆయన కళ్లు మూసుకున్నాడు. కామమ్మ చెంబు పట్టుకుని నిలుచుంది. మడమ మండిపోతోంది, పిక్కదాకా వాపు పాకుతోంది. భయం వేసింది. ఆ భయం అడుగున మరొకటి మెల్లగా తేటపడింది. ఈ మాటు పోతే పోయేది తన ప్రాణమే. ఇన్నాళ్లకు ఆ ప్రశ్న అడిగే అధికారం వచ్చింది.

చెంబు దించింది. కూర్చుంది. జ్వరంలో కూలబడినట్టు కాదు. పెళ్లిపీట మీద కూర్చున్నట్టు, కాళ్లు మడిచి, కొంగు సర్దుకుని. దాహంగా ఉంటే చెంబెత్తి ఆ పవిత్రజలం తాగింది కూడా. మంత్రం కొసకు వచ్చినప్పుడు మాత్రమే గోడ పట్టుకుని లేచింది.

మర్నాటికి వాపు తీసింది. సొంత భార్యనే బతికించుకున్న మంత్రమహిమ చేజర్ల దాకా పాకింది. కామమ్మ కుంటుకుంటూ ఓబమ్మ గుమ్మంలోకి వెళ్లింది.

“ఓబా, నేను కూచున్నాను. కావాలనే కూచున్నాను. చెంబులో నీళ్లు గూడా తాగినాను. అయినా బతికే ఉండాను. నీ బిడ్డ నా వల్ల పోలేదు, ఓబా.”

ఓబమ్మ జొన్నల చేటను పక్కకు నెట్టింది. “అది నాకు తెలవదా అక్కా? మీ గడపకు ఎత్తుకొచ్చేతలికే చల్లబడిపోయింది. జనం పొమ్మంటే వచ్చినాను.”

“మరి ఇన్నాళ్లూ ఎందుకు పలకలేదే?”

“పిల్ల దినం అయిన మర్నాడు మీ అత్త నా జల్లెడ ఎత్తుకపాయె. నేనొచ్చి అడిగితే, ఇంక ఎవురికి జల్లించి పెడతావు అనె. ఆ ఇంటి మనిషితో ఏం పలుకుతా?”

కామమ్మ ఇంటికి వచ్చి వెదికింది. జల్లెడ దొరికింది. దాని అడుగు ఎప్పుడో ఊడిపోయి, చుట్టు మాత్రం ఆమె రోజూ బర్రెకు పెట్టే కుడితి కుండ కింద కుదురుగా ఉంది.