దేవుడు తనతో చెప్పని మాట

నానబెట్టిన బొబ్బర్ల పొట్టు తీయడం ఒక పట్టాన తెమిలే పని కాదు. గింజల్ని రెండు చేతుల మధ్యా నలపాలి, నీళ్ళు పోయాలి, పైకి తేలిన పొట్టు వంచెయ్యాలి, మళ్ళీ నలపాలి. క్రైస్తవ విద్యార్థుల సహవాసంలో సభ అంటే అకారా వడలు ఉండాలి, అకారా అంటే ఉజోఅమాక ఉండాలి. ఓవెరి పట్నంలోని ఈ యూనివర్సిటీకి ఆమె వచ్చి నాలుగేళ్ళయింది. జంతుశాస్త్రం కంటే బొబ్బర్ల శాస్త్రమే తనకి బాగా వంటబట్టిందని ఆమె తనమీద తనే నవ్వుకునేది.

"నీ చేతిలో దేవుడు వరం పెట్టాడు సిస్టర్!" అనేవాడు సహవాసం అధ్యక్షుడు లోటన్నా, వేడివేడి వడ ఒకటి నోట్లో వేసుకుని. మొదటేడు ఆ మాటకి ఉజో పొంగిపోయింది. మరుసటేడు బైబిల్ స్టడీ తను నడిపిస్తానని అడిగితే, "మరి వంట ఎవరు చూస్తారు?" అన్నాడు, నిజంగానే జవాబు తెలియనివాడిలా. బ్రదర్లు వేదిక మీద, సిస్టర్లు హాలు వెనక రేకుల షెడ్డులో. ఇలాగే ఉండాలని ఎవరూ చెప్పలేదు, ఎందుకిలా అని ఎవరూ అడగలేదు. అయితే వేదిక మీది ప్రసంగానికి కళ్ళు తుడుచుకున్న ఆడపిల్లలు ఆ తర్వాత వచ్చేది మాత్రం షెడ్డులోకే. ఉల్లిపాయలు కోస్తూ ఏడిస్తే ఎందుకేడుస్తున్నావని ఎవరూ అడగరు కదా! తాగొచ్చి కొట్టే నాన్న గురించి, మార్కులు కావాలంటే ఇంటికి రమ్మన్న లెక్చరర్ గురించి, అసలు దేవుడున్నాడా అనే అనుమానం గురించి అక్కడే నోరు విప్పేవాళ్ళు. ఉజో వినేది. తెలిసింది చెప్పేది, తెలియనిది తెలియదనేది, చేతులు కడుక్కుని వాళ్ళతో కలిసి ప్రార్థన చేసేది. చదువయ్యాక కూడా ఇదే పని చేస్తూ కాలేజీ పిల్లల మధ్యే బతకాలని ఆమెకి బలంగా అనిపించేది. దానికి 'పిలుపు' అని పేరు పెట్టడానికే భయం. పిలుపులన్నీ బ్రదర్లకే వస్తాయి మరి.

ఆ ఏడాది పూర్తికాలపు సేవకి కొత్తవాళ్ళని తీసుకుంటున్నారని తెలిసి, ధైర్యం చేసి తన పేరూ పంపింది. ఆ వారంలోనే లోటన్నా షెడ్డు వెనక కుళాయి దగ్గరికి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, చంకలో బైబిలు.

"సిస్టర్, ఎన్నాళ్ళుగానో ప్రార్థనలో కనిపెట్టుకుని ఉన్నాను. నువ్వు నా భార్యవని దేవుడు నాకు బయలుపరిచాడు."

కుళాయి కింద బిందె నిండి పొర్లిపోతోంది.

"నన్ను సేవకి మకూర్డి ఊరికి పంపిస్తారు. నువ్వు నాతో వస్తావు. నీ పిలుపు నా పిలుపులోనే ఉంది. విడిగా నీ పేరెందుకు పంపావ్, ఊరికే?"

"ఇప్పుడు మీరు నన్ను అడుగుతున్నారా బ్రదర్, చెప్తున్నారా?"

"నేను చెప్పడమేంటి సిస్టర్? చెప్పింది దేవుడు."

అతను చెడ్డవాడు కాదు. అదే వచ్చిన చిక్కు. చెడ్డవాడైతే ముఖం మీదే నాలుగు దులిపేసేది. ఎవరికైనా జ్వరమొస్తే రాత్రంతా ఆసుపత్రిలో కూర్చునేవాడు, ఫీజు కట్టలేని పిల్లల కోసం గుమ్మం గుమ్మం ఎక్కేవాడు. అలాంటివాడు దేవుడి పేరు పెట్టి అబద్ధం చెబుతాడా?

ఆ సాయంత్రమే అమ్మ అబా నుంచి ఫోన్ చేసింది. బజారులో పాత బట్టల దుకాణం ఆమెది. బేరాల గోల మధ్యలోంచి అరుస్తోంది.

"ఏమే, కన్నతల్లిని, నాకు మాటమాత్రం చెప్పవా? పాస్టరుగారు చెబితే తెలిసింది!"

లోటన్నా పాస్టరుగారికి చెప్పాడు, ఆయన అమ్మకి చెప్పాడు, హాస్టల్లో పిల్లలు పాస్టరుగారి భార్యని పిలిచినట్టు అప్పుడే 'మమ్మీ' అని పిలుస్తూ కిసుక్కున నవ్వుతున్నారు. అందరికంటే ఆఖర్న తెలిసింది పెళ్ళికూతురికే. ఉజోకి ఒళ్ళు మండిపోయింది.

"అమ్మా, నేనింకా ఒప్పుకోలేదు."

"దేవుడే వచ్చి తలుపు తట్టాక నువ్వు ఒప్పుకునేదేంటే? సేవ చేస్తాను, సేవ చేస్తాను అని నా ప్రాణం తీశావుగా. అతని పక్కన నిలబడి చెయ్యి, ఎవరొద్దన్నారు? పెళ్ళికాని ఆడది సేవ చేస్తానని ఊళ్ళోకి దిగితే ఎవడు గది అద్దెకిస్తాడే పిచ్చిమొహమా?"

కోపం ఒకపక్క, భయం ఒకపక్క. నిజంగానే దేవుడు చెప్పి ఉంటే? తను కాదంటే కాదన్నది ఎవరిని? తనకి పిలుపనిపించింది ఒట్టి పొగరేనేమో! తిండి మానేసి మోకాళ్ళ మీద కూర్చుంది. "ప్రభువా, ఆయనతో చెప్పావట. నాతో కూడా ఒక్క ముక్క చెప్పు. లోబడతాను" అని బతిమాలింది. ఏ జవాబూ రాలేదు. ఎప్పుడు కళ్ళు మూసుకున్నా ఎవరో ఒక పిల్ల తలుపు కొట్టి, "అక్కా, కాస్త మాట్లాడాలి" అనేది. లేచి వెళ్ళేది.

శుక్రవారం కొత్త విద్యార్థుల స్వాగత సభ. పాటల బృందంలో పాడే కమ్‌డి షెడ్డులో ఉజో పక్కన కూర్చుని పొట్టు తీస్తోంది. రెండో ఏడు చదువుతున్న పిల్ల, ముఖం పీక్కుపోయి ఉంది.

"అక్కా, పాటల బ్రదర్ ఒకాయన... నేను తన భార్యనని దేవుడు చూపించాడట. నాకిష్టం లేదు. కానీ దేవుడికి ఎదురు చెప్పలేను కదా! సరేనన్నాను. అప్పట్నుంచి నిద్ర పట్టడం లేదు."

ఉజో చేతులు ఆగిపోయాయి. ఏం చెప్పాలి? తనకే దిక్కు తోచకుండా ఉంది. "కాస్త ఆలోచించి చెప్తాను తల్లీ" అంది. ఇన్నేళ్ళలో షెడ్డులోంచి ఒక పిల్లని ఉత్త చేతులతో పంపడం అదే మొదలు. అదొక్కటీ ఆమెని చాలా బాధపెట్టింది.

సభలో ప్రసంగమయ్యాక ప్రశ్నల సమయం వచ్చింది. సేవకి మనుషుల్ని ఎంచడానికి వచ్చిన పెద్దాయన ఒబియోరా అంకుల్ ముందు వరసలో కూర్చున్నాడు. వేదిక మీద లోటన్నా. ఉజో షెడ్డు వైపు గుమ్మంలో నిలబడి వింటోంది. కమ్‌డి లేచింది.

"దేవుడు ఒక బ్రదర్‌తో చెప్పి... ఆ సిస్టర్‌తో చెప్పకపోతే, ఆ సిస్టర్ ఏం చెయ్యాలి?"

హాలంతా గుసగుసలు లేచాయి. లోటన్నా మైకు సర్దుకున్నాడు. "మంచి ప్రశ్న. సిస్టర్లు ముందు వినయంగా..." అంటూ ఎత్తుకున్నవాడు మధ్యలో ఆగిపోయాడు. ఆడపిల్లలెవరూ అతనివైపు చూడటం లేదు. ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు, వరసకి వరస, గుమ్మంలో ఉన్న ఉజో వైపు తిరిగారు.

గౌనుకి చేతులు తుడుచుకుని ఉజో లోపలికి నడిచింది.

"కమ్‌డీ, మనతో చెప్పాల్సింది దేవుడు మగవాళ్ళ చేత కబురు పంపేవాడే అయితే, మనం రోజూ మోకాళ్ళ మీద మాట్లాడేది ఎవరితో? నీతో చెప్పాల్సింది నీతోనే చెప్తాడు. అందాకా నువ్వు కాదనేది దేవుణ్ణి కాదు, ఒక బ్రదర్‌ని. బ్రదర్‌ని కాదనొచ్చు. పాపం కాదు."

ఎవరో పకపకా నవ్వారు. నవ్వు హాలంతా పాకింది.

"సరేనని చెప్పేస్తేనో?" కమ్‌డి ఇంకా నిలబడే ఉంది.

"భయపడి అన్న సరే, సరే కాదు. రేపే వెళ్ళి చెప్పు. కావాలంటే నేనూ వస్తాను."

పిల్ల ముఖం తేటపడింది. ఆ మాట తనకి ముందే తెలుసని, నోటినుంచి వచ్చాకే ఉజోకి అర్థమైంది. ఇన్నాళ్ళ భయం కరిగిపోయింది. తను అడిగినదానికి దేవుడు జవాబు చెప్తూనే ఉన్నాడు, ఎవరో ఒక పిల్ల తలుపు కొట్టిన ప్రతిసారీ.

సభ ముగిశాక ఒబియోరా అంకుల్ ఆమెని పిలిపించాడు. పక్కన లోటన్నా తల వంచుకుని నిలబడి ఉన్నాడు.

"మీరిద్దరూ ఒక కుటుంబమవుతారని లోటన్నా చెప్పాడమ్మా. ఇద్దర్నీ కలిపి మకూర్డి పంపుదామనుకున్నాం" అన్నాడు పెద్దాయన. "ఇప్పుడేం చెయ్యమంటావ్?"

ఉజో లోటన్నా వైపు ఒకసారి చూసింది. కోపం రాలేదు.

"ఆయన్ని మకూర్డి పంపండి అంకుల్, పని బాగా చేస్తారు. నన్నూ పంపండి, వేరే ఊరికి."