వన్స్ మోర్ అనిపించుకున్న శవం

నేను ఒక హార్మోనియం పెట్టెను. ఈ నాటక అకాడమీ వారి అద్దాల బీరువాలో నా ముందున్న అట్టముక్క మీద మాత్రం 'శవం' అని రాసి ఉంది. చదువుకున్నవాళ్ళు రాశారు కాబట్టి కాదనడానికి నాకు ధైర్యం చాలదు. ఎలా చచ్చానో చెబుతాను, వినండి.

పుట్టింది కాకినాడలో. టేకు చెక్క, ఇత్తడి రీడ్లు, గాలికి తోలుతిత్తి. నన్ను చేసిన ఆచారి ఒక మెట్టు నొక్కి చూసి, "దీనికి గొంతెక్కువ. భజనలకి పనికిరాదు, నాటకాలోళ్ళకి ఇచ్చెయ్యండి" అన్నాడు. అలా తాతారావు గారి నాటక సమాజంలో చేరాను. 'కోటద్వారం' నాటకంలో ఆయనది రాజు వేషం. రాత్రిపూట కోట తలుపు తీసినవాడికి మరణశిక్ష అని రాజు శాసనం చేస్తాడు. వరదలో కొట్టుకొచ్చిన జనం కోసం సొంత కొడుకే తలుపు తీస్తాడు. మాట తప్పలేక రాజు కొడుకును చంపించి, శవం ముందు కూలబడి పద్యం అందుకుంటాడు.

ఆ పద్యానికి జనం ఏడ్చేవారనుకుంటున్నారా? అయితే మా వైపు నాటకాలు మీరు చూడలేదన్నమాట. "వన్స్ మోర్" అని అరిచేవారు. అలా అడిగాక మళ్ళీ పాడకపోతే పొగరంటారు. అందుకని రాజు కళ్ళు తుడుచుకుని, శ్రుతి చూసుకుని, కొడుకు అప్పుడే పోయినట్టు మళ్ళీ మొదటినుంచి ఏడ్చేవాడు. చచ్చిన కొడుకు ఆ సందులో ఓ దోమను కొట్టుకుని, తల కింద చెయ్యి సర్దుకునేవాడు. నేనేమీ తక్కువ తినలేదు. ఆ శోకంలో నా గొంతే పైకి వినబడాలని చూసేదాన్ని.

ఆట అయ్యాక రంగు తుడుచుకుంటూ తాతారావు గారు నన్ను వాయించే సన్యాసిరావుతో ఎప్పుడూ ఒకటే మాట అనేవారు: "అందరూ చప్పట్లు కొట్టేవోళ్ళేరా. నా కొడుకు పోయాడని ఒక్కడు ఏడిస్తే ఒట్టు." వయసు మీద పడింది, గొంతు జీరబోయింది, ఆ కోరిక మాత్రం ఆయన్ని వదల్లేదు. పోయేలోగా ఒక్కరైనా ఏడవాలి, అంతే.

అలాంటి మనిషిని వెతుక్కుంటూ ప్రణవి వచ్చింది. యూనివర్సిటీలో నాటకం చదువుకున్న పిల్ల. 'కోటద్వారం' ఈ కాలానికి తెస్తానంది. తెచ్చింది కూడా. రాజుకు గళ్ళ లుంగీ, సింహాసనానికి ప్లాస్టిక్ కుర్చీ, కోట తలుపుకు కిరాణా కొట్టు షట్టరు. పద్యాలన్నీ కొట్టేసింది. శవంగా మనిషి వద్దని నా మీద తెల్లగుడ్డ కప్పి స్టేజి నడుమ పెట్టించింది. "పాట కూడా చచ్చిపోయిందని అర్థం గురువుగారూ" అంది. నేను బతికే ఉన్నానని చెప్పుకుందామంటే తిత్తి ఊదేవాళ్ళు లేరు.

"పద్యం లేకపోతే నేను చేసేదేవుందమ్మా?" అన్నారు తాతారావు గారు.

"గుడ్డ మీద చెయ్యి వేసి, ఏమీ మాట్లాడకుండా కూర్చోండి."

"ఏడుస్తారంటావా?"

"ఏడుస్తారు."

ఆ ఒక్క మాటకే ఆయన ఒప్పేసుకున్నారు.

ఆట రాజమండ్రిలో వేశారు. హాలు నిండింది. ముందు వరసలో బుల్లెబ్బాయి గారు కూర్చున్నారు. పద్యాల పిచ్చి ఆయనది, రాజు పద్యం రాజుకంటే ఆయనకే బాగా వచ్చు. లుంగీ చూసి ముఖం చిట్లించారు, షట్టరు చూసి నెత్తి కొట్టుకున్నారు. చివరికి ఆ ఘట్టం వచ్చింది. తాతారావు గారు నా పక్కన కూలబడి, గుడ్డ మీద చెయ్యి వేసి, మాట్లాడకుండా ఉండిపోయారు.

"మైకు పోయినట్టుంది, చూడండయ్యా" అన్నారు బుల్లెబ్బాయి గారు. "పెద్దాయన మర్చిపోయాడండి, ఎవరైనా అందించండి" అని వెనకనుంచి ఇంకొకరు. భుజాన గుడ్డసంచీ తగిలించుకున్న మేధావి ఒకాయన "ఈ శూన్యం ఉంది చూశారూ" అని పక్కవాడికి బోధిస్తూనే ఫోన్లో క్రికెట్ స్కోరు చూసుకున్నాడు. కొందరు బజ్జీలకని లేచారు.

తాతారావు గారు కదల్లేదు. గుడ్డ మీదున్న చేతి మీదే ఒళ్ళంతా మోపారు. ఆ బరువుకు నా తిత్తిలోంచి కాస్త గాలి పోయింది, రాగమూ లేదు, తాళమూ లేదు. సిగ్గు విడిచి చెబుతున్నాను, అన్నేళ్ళు ఆ చావుకు వాయించిన నాకు అప్పుడు మొదటిసారి ఏడుపొచ్చింది. ఇంతలో బిడ్డను ఒళ్ళో పడుకోబెట్టుకున్న ఒకావిడ "అయ్యో, కన్నకొడుకు కదండీ" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ పక్కావిడ ముక్కు చీదింది. లేచినవాళ్ళు లేచినచోటే నిలబడిపోయారు. తాతారావు గారు అదంతా విన్నారు. ఆయన వేళ్ళు గుడ్డను గట్టిగా పట్టుకున్నాయి.

అప్పుడు బుల్లెబ్బాయి గారు లేచారు. ఆయన చెంపలు తడిసిపోయి ఉన్నాయి. గుండె కరిగినప్పుడు మనిషి ఏమనాలో ఆయనకు ఒకటే తెలుసు.

"వన్స్ మోర్" అన్నారు.

హాలంతా అందుకుంది. స్టేజి పక్కనుంచి ప్రణవి వద్దు వద్దని చేతులు ఊపింది. తాతారావు గారు ఆమెను చూశారు, జనాన్ని చూశారు, లేచి కుర్చీ దగ్గరికి వెళ్ళి, మళ్ళీ నడిచొచ్చి, మళ్ళీ కూలబడి, మళ్ళీ మౌనం పట్టారు. ఈసారి బిడ్డతల్లి కొంగు వదిలి ఫోన్ ఎత్తి వీడియో తీసింది. అయిపోగానే చప్పట్లు మోగిపోయాయి.

మర్నాడు పత్రికల్లో ఆ రెండో మౌనాన్ని 'చరిత్ర పునరావృతికి సాహసోపేత సంకేతం' అని రాశారు. రాత్రంతా పళ్ళు నూరిన ప్రణవి, అది చదివాక "అవును, అదే నా ఉద్దేశం" అని ఇంటర్వ్యూ ఇచ్చింది. ఆ తర్వాత ప్రతి ఊళ్ళోనూ వన్స్ మోర్ అనడానికి ముందు వరసలో తనే ఒక మనిషిని కూర్చోబెట్టింది. ఇక ఎవరూ ఏడవలేదు. బహుమతులు వచ్చాయి, నాకు ఈ బీరువా వచ్చింది.

మొన్న తాతారావు గారు ఒక్కరే కర్ర పట్టుకుని వచ్చారు. అట్టముక్క చదివారు. అద్దం మీద చెయ్యి ఆనించి అలాగే నిలబడ్డారు. కళ్ళలోంచి నీళ్ళు కారాయి. వేషంలో ఏడ్చేటప్పుడు ఆయన ముఖం జనం వైపు ఉండేది. ఇప్పుడు గోడ వైపు తిప్పుకున్నారు.

ఆయన్ని గుర్తుపట్టిన గార్డు ఫోన్ తీసి ఫోటో కొట్టాడు. చూసుకుని పెదవి విరిచాడు.

"సరిగ్గా పడలేదండి. ఇంకొక్కసారి అలాగే ఏడుత్తారా, ఇటు తిరిగి?"

తాతారావు గారు కండువాతో కళ్ళు తుడుచుకున్నారు. కాదనడం ఆయనకు ఏనాడూ చేతకాలేదు. ఇటు తిరిగి, మళ్ళీ అద్దం మీద చెయ్యి వేశారు.